నాలుగో గడి

కాగితంలో నాలుగు గళ్ళు. మూడు నిండాయి.
స్టాటిస్టికల్ మెకానిక్స్ రెండో భాగం.
ల్యాబు, తప్పదు.
న్యూమరికల్ మెథడ్స్,
"ఎప్పటికైనా పనికొస్తుంది" అన్నారు గనక.
ఆ మాట మీదే మా ఇంట్లో
మూడు ఇత్తడి గంగాళాలు అటకెక్కాయి.

నాలుగోదాంట్లో
పెన్సిల్‌తో రాసి, చెరిపి, రాసి, చెరిపి
కాగితం అక్కడ ఉల్లిపొరైంది.
వెలుతురుకి ఎత్తిపడితే
యశ్వంతపురం వైపు మబ్బు కనిపిస్తోంది.

శుక్రవారం అయిదింటికి ఆఫీసు మూస్తారు.

క్యాంటీన్లో బై-టూ కాఫీ.
నా సగంలో ఎప్పుడూ నురగ ఎక్కువ, నజ్మా సగంలో కాఫీ ఎక్కువ.
"ఫీల్డ్ థియరీ తీసుకో, ఇంకేం ఆలోచిస్తావ్" అంది.
"అది లేని ఫిజిక్స్ ఉప్పు లేని ఉప్పిట్టు" అన్నాడు చెన్నబసవ,
పీహెచ్‌డీలో ఆరో ఏడు, ఉప్పు సంగతి తెలిసినవాడు.
"రెండూ ఒకే గంటకి పెట్టారు, మంగళ, గురువారాలు,
నేనిప్పుడు రెండు గదుల్లోనూ ఒకేసారి..." అంటుంటే
చెయ్యెత్తి ఆపాడు.
"ఆ జోకు వద్దు. మొదటి సెమిస్టర్లోనే చచ్చిపోయింది."

ఆ రెండోది శ్రీకంఠయ్యగారి కోర్సు.
ఇసుక, ధాన్యం, గులకరాళ్ళు:
ఘనం కాదు, ద్రవం కాదు,
ఎటూ తేలని వాటి ఫిజిక్స్.
వచ్చే మేలో ఆయన రిటైర్మెంటు.
గది కింది అంతస్తులో, సైకిల్ స్టాండు పక్కన.
తలుపు మీద జాబితా, రెండు పేర్లు.
ఒకరు సివిల్ ఇంజనీరింగ్.
ఇంకొకరి సంతకం ఈసీజీలా ఉంది.
ముగ్గురు లేకపోతే కోర్సు రద్దని
కింద టైపు చేసి ఉంది, ఎవరి మీదా కోపం లేనట్టు.

సిలబస్ అడుగుదామని వెళ్ళాను.
సిలబస్ ఇవ్వలేదు, హార్లిక్స్ సీసా ఇచ్చారు.
లోపల పెసలు, అడుగున ఒక గోళీ.
కుదపమన్నారు.
కుదిపాను. గోళీ పైకొచ్చింది,
నీళ్ళలోంచి తలెత్తిన తాబేలులా.
"ఎందుకు?"
సందుల్లోకి చిన్నవి జారతాయి, పెద్దది జారలేదు, అన్నాను.
"అది సగం" అన్నారు.
సీసా వెనక్కి తీసుకున్నారు.

దారిలో గుర్తొచ్చింది
మండపేటలో మా పెద్దమ్మ రేషన్ షాపు.
కందిపప్పు పళ్ళెంలో పోసి కుదుపుతూ
పైకొచ్చిన రాళ్ళు ఏరేస్తూ అనేది:
"బెడ్డలకే పొగరు, ముందు తేలతాయి."
మిగిలిన సగంలో
అది పావైనా అయ్యుంటుంది.

రాత్రి హాస్టల్లో లెక్కలు వేశాను.
ఫీల్డ్ థియరీ లేకపోతే ఏ గ్రూపు తలుపు మూసుకుంటుంది,
తీసుకుంటే ఎన్ని మార్కులు జారతాయి,
నేను వెళ్ళకపోతే ఆ కింది గదికి తాళం పడుతుందా.
మూడోదే తూగింది.
జాలిని ఏ యూనిట్లలో కొలవాలో
ఏ పుస్తకం వెనకా పట్టిక లేదు.
మూడో పేరు నాదే అనుకుని పడుకున్నాను,
కాస్త గొప్పగా కూడా.

శుక్రవారం, నాలుగూ నలభై. వాన.
తలుపు మీద మూడు పేర్లు.
మూడోది నజ్మా.
గుండ్రంగా, తొందర లేకుండా, నీలం సిరాతో.

ఇక అక్కడ నా అవసరం లేదు.
కోర్సు బతికింది.
నా త్యాగం సైకిల్ స్టాండు దగ్గర
తడుస్తూ నిలబడింది.
ఇప్పుడు ఏది రాసినా
నాకు కావాలనే రాయాలి.
ఇంత కష్టమైన ప్రశ్న ఏ పరీక్షలోనూ ఇవ్వలేదు.

ఆఫీసులో గంగమ్మ తాళాల గుత్తి ఆడిస్తోంది.
పెన్సిల్ జేబులో పెట్టి పెన్ను అడిగాను.
ఉల్లిపొర దగ్గర సిరా అవతలికి దిగి
ఆమె బల్ల మీద చుక్క పడింది.
"ఆయ్తా?" అంది.
ఆయ్తు, అన్నాను.

గురువారాలు పదింటికి
సీసా చేతులు మారుతుంటుంది, నలుగురం.
సరిగ్గా మా తల మీది గదిలో
ఫీల్డ్ థియరీ వాళ్ళు కుర్చీలు జరుపుకుంటారు.
ఆ అదురుకి
పెసలు కొంచెం సర్దుకుంటాయి.